తెరచాప కయాక్‌కు పక్కచేతులు గట్టిగా బిగించడం ఎలా?

ఫాల్గుణంలో తిరుమల స్వామి పుష్కరిణిలో తెప్పోత్సవం చూసినవారు ఆ తెప్ప ఎంత నిలకడగా తిరుగుతుందో గమనించే ఉంటారు. ఉత్సవమూర్తులు, అర్చకులు, వాయిద్యాలు వాయించేవారు అందరూ ఎక్కినా అది ఒక పక్కకు ఒరగదు, ఎందుకంటే దాని వెడల్పే దానికి బలం. కయాక్ ఇందుకు పూర్తిగా భిన్నమైనది. తెడ్డుతో చురుకుగా సాగడానికి సన్నగా, పొడవుగా మలచిన ఆ పడవ మీద తెరచాప ఎత్తితే, గాలి దానిని ముందుకు తోయడంతో పాటు పక్కకు కూడా పడదోస్తుంది. ఆ ఒరుగుడును ఆపడానికి పడవకు రెండు వైపులా కొంత దూరంలో గాలి నిండిన గొట్టాలను అమర్చి, పడవ మీద అడ్డంగా పోయే రెండు కర్రలతోనో పైపులతోనో వాటిని పడవకు కలుపుతారు. అవుట్‌రిగ్గర్ అనే ఈ ఏర్పాటులో గొట్టాన్ని ఆమా అనీ, అడ్డంగా పోయే చేతిని ఆకా అనీ పసిఫిక్ దీవులవారు అంటారు. మనకూ రెండు దోనెలను జతచేసి కట్టిన పడవకు సంగడి అనే పాత మాట ఉంది. బావిలో ఈత నేర్చుకునే పిల్లలకు కట్టే బెండు చేసే పనినే ఈ గొట్టమూ చేస్తుంది కనుక, దీనిని ఇక్కడ బెండు అనే పిలుస్తాను. అడ్డంగా పోయేదానిని పక్కచేయి అంటాను.

పక్కచేయి విరగడం చాలా అరుదు. అది పడవతో కలిసే చోట కట్టు వదులుతుంది, లేదా బోల్టు ఊడుతుంది. తడ మండలంలో భీమునివారిపాలెం వైపు, పాతవారు ప్రళయ కావేరి అని పిలుచుకునే పులికాట్ సరస్సులో నేను మొదటిసారి తెరచాప ఎత్తిన రోజున నాకు జరిగింది ఇదే. గాలి ఒక్కసారి పెరిగినప్పుడు, వెనుక చేతిని పట్టి ఉంచిన బోల్టు, కాజాలో నుంచి బొత్తం జారినట్లుగా, వాషర్‌తో సహా డెక్‌లో నుంచి, అంటే పడవ ప్లాస్టిక్ పైకప్పులో నుంచి, బయటికి వచ్చేసింది. పైపుకు చిన్న గీత కూడా పడలేదు. నీరు నడుము లోతే ఉండడం వల్ల దిగి పడవను నడిపించుకుంటూ ఒడ్డుకు రాగలిగాను. లోతైన నీళ్ళలో అయితే అలా రాగలిగేవాడిని కాను. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం పైపు గురించి కాక, పైపు పడవను పట్టుకునే ఆ జానెడు చోటు గురించే ఉంటుంది.

ముందుగా బరువు లెక్క

వెలుపలి వ్యాసం 160 మిల్లీమీటర్లు ఉన్న పీవీసీ పైపును 2 మీటర్లు తీసుకుని రెండు చివరలా మూతలు అతికిస్తే, అది నీటిలో ఆక్రమించే చోటు దాదాపు 40 లీటర్లు ఉంటుంది. అది పూర్తిగా మునిగినప్పుడు నీరు దానిని సుమారు 40 కిలోల బలంతో పైకి తోస్తుంది. అందులో బెండు సొంత బరువు, మూతల బరువు, పక్కచేతుల బరువులో దాని వాటా తీసివేస్తే 30 కిలోల దాకా మిగులుతుంది. రెండు చేతులు ఉన్నాయి కదా, చెరి సగం మోస్తాయి అని అనుకోవద్దు. పడవ ముక్కు అలలోకి దిగిన క్షణంలో ముందు చేయి ఒక్కటే దాదాపు మొత్తం మోయవలసి వస్తుంది. కాబట్టి ప్రతి చేతికీ 30 కిలోలు అనే లెక్క వేసుకోండి.

ఇప్పుడు డెక్ మీద ఎడమ అంచు దగ్గర ఒక క్లాంపు (పైపును పట్టి ఉంచే బిగింపు), కుడి అంచు దగ్గర ఒక క్లాంపు, వాటి మధ్య దూరం 60 సెంటీమీటర్లు, దగ్గరి క్లాంపు నుంచి బెండుకు 1 మీటరు దూరం అనుకుందాం. బెండు పైకి లేవాలని చూసినప్పుడు పక్కచేయి, దగ్గరి క్లాంపును ఆధారం చేసుకున్న గునపంలా పనిచేస్తుంది. అవతలి క్లాంపును 50 కిలోల బలంతో కిందికి నొక్కుతుంది, దగ్గరి క్లాంపును ఆ 50, ఈ 30 కలిపి 80 కిలోల బలంతో పైకి లాగుతుంది. బెండు దగ్గర 30 ఉన్న బలం డెక్ దగ్గరికి వచ్చేసరికి 80 అవుతుందన్నమాట. క్లాంపులను ఇంకా దగ్గరికి జరిపి 40 సెంటీమీటర్ల దూరంలో పెడితే అదే బలం 105కు చేరుతుంది. ఈ కారణం వల్ల క్లాంపులను పడవ వెడల్పు అనుమతించినంత వరకు అంచులకు జరిపి పెట్టడం అన్నిటికన్నా చౌకైన, అన్నిటికన్నా ఫలితమిచ్చే జాగ్రత్త.

పక్కచేతికి ఏది వాడాలి

అల్యూమినియం దుకాణాలలో కిటికీల చట్రాలకు వాడే 6063 రకం తేలికగా దొరుకుతుంది. అందులో 50 మిల్లీమీటర్ల వ్యాసం, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న గుండ్రని పైపును అడిగి తీసుకోండి. 40 వ్యాసం, 2 మందం ఉన్నది సగం ధరకు వస్తుంది కదా అనిపించవచ్చు. పైన చెప్పిన బరువు పడినప్పుడు పెద్ద పైపు లోహంలో చదరపు మిల్లీమీటరుకు సుమారు 60 న్యూటన్ల ఒత్తిడి పుడితే, చిన్నదానిలో 136 పుడుతుంది. గట్టిపరచిన 6063 లోహం 170 దగ్గర వంగి మళ్ళీ తిన్నబడకుండా ఉండిపోతుంది. అల ఎత్తి కుదేసినప్పుడు బరువు ఒక్క క్షణం పాటు రెట్టింపు కావడం మామూలే కనుక చిన్న పైపుకు ఇక చోటు లేదు. పీవీసీ పైపు బెండుకు పనికి వస్తుంది కానీ చేతికి పనికి రాదు. అది ఎండలో మెత్తబడి, రోజంతా బరువు మోస్తే నెమ్మదిగా వంగిపోతుంది.

కర్ర మీద ఇష్టం ఉన్నవారు తీరంలో విరివిగా పెంచే సరుగుడును గానీ, లోపల గుల్ల తక్కువగా ఉండే సాదనపు వెదురును గానీ వాడవచ్చు. వెదురు అయితే, బెండు బరువు కట్టును లాగే వైపున కణుపు వచ్చేలా చూసి, ఆ కణుపుకు ఆనించి కట్టాలి. అప్పుడు తాడు జారదు. వెదురుకు రంధ్రం వేసి బోల్టు బిగించడం మాత్రం ఎన్నడూ చేయవద్దు, నిలువునా చీలుతుంది.

స్థానం గుర్తించడం

కయాక్‌ను ఇంటి ముందు ఇసుక సంచుల మీద కదలకుండా పెట్టి, అందులో కూర్చుని, తెడ్డు వేస్తున్నట్లుగా రెండు చేతులూ నిండుగా చాచండి. తెడ్డు ఎక్కడెక్కడ తిరుగుతుందో మరొకరి చేత డెక్ మీద సుద్దముక్కతో గీయించండి. ముందు పక్కచేయి ఆ గీతకు అవతల, వీలైతే తెరచాప కొయ్య దగ్గరగా ఉండాలి. వెనుక పక్కచేయి మీ వీపు వెనుక ఉండాలి. పడవ తిరగబడితే కాళ్ళు తగులుకోకుండా బయటపడగలరా అని కూడా అప్పుడే చూసుకోండి.

ముందు చేతి మీద బెండు పడవ మధ్యగీతకు ఎంత దూరంలో ఉందో, వెనుక చేతి మీద కూడా అంతే దూరంలో ఉండాలి. 1 సెంటీమీటరు తేడా ఉన్నా బెండు నీటిని అడ్డంగా కోస్తూ పడవను ఒక పక్కకు లాగుతూనే ఉంటుంది. ముక్కు నుంచి, తోక నుంచి తాడుతో కొలిస్తే ఈ తేడా తేలిపోతుంది. మీరు కూర్చుని పడవ సమంగా ఉన్నప్పుడు బెండ్లు నీటికి 3 నుంచి 5 సెంటీమీటర్ల పైన ఉండి, ముందు కొన కొద్దిగా ఎత్తి ఉంటే చాలు.

పీఠం, బోల్టులు

పైపు డెక్ మీద నేరుగా ఆనకూడదు. అది కూర్చోవడానికి ఒక పీఠం కావాలి, ఇంతకు ముందు క్లాంపు అన్నది దీనినే. ఇందుకు మంచి టేకు చెక్క దిమ్మను తీసుకుని, వడ్రంగి చేత మధ్యలో సరిగ్గా 50 మిల్లీమీటర్ల రంధ్రం ఈ చివర నుంచి ఆ చివరకు వేయించి, తర్వాత దిమ్మను రంధ్రం వెంబడి సగానికి కోయించండి. కోసేటప్పుడు రంపం తినేసిన 2, 3 మిల్లీమీటర్ల చెక్క వల్ల, రెండు ముక్కలనూ పైపు చుట్టూ మూసినప్పుడు వాటి మధ్య సన్నని సందు మిగులుతుంది. ఆ సందే ఈ పీఠానికి ప్రాణం. బోల్టు బిగించిన కొద్దీ సందు తగ్గుతూ చెక్క పైపును కరచి పట్టుకుంటుంది. సందు లేకపోతే చెక్కకు చెక్క తగిలి ఆగిపోతుంది, లోపల పైపు వదులుగానే ఉంటుంది. గాడిలో సైకిల్ ట్యూబు ముక్కను ఒక్క వరుస పరిస్తే పట్టు ఇంకా పెరుగుతుంది. కింది ముక్క అడుగు భాగాన్ని డెక్ వంపుకు సరిపోయేలా చెక్కించాలి. అట్టముక్కను డెక్ మీద నిలబెట్టి వంపును గీసుకుని వడ్రంగికి ఇస్తే సరిపోతుంది.

ఒక్కొక్క పీఠానికి 8 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ బోల్టులు నాలుగు. బోల్టు పీఠం పై ముక్క, కింది ముక్క, డెక్ మూడింటినీ దాటి లోపలికి దిగాలి. నా పొరపాటు డెక్ లోపలి వైపున జరిగింది. నేను రూపాయి బిళ్ళంత వాషర్‌తో సరిపెట్టాను. డెక్ ప్లాస్టిక్ మెత్తనిది, పైగా పాలిథీన్ బలం కింద నెమ్మదిగా సాగిపోయే గుణం కలది. అందువల్ల నాలుగు బోల్టులకూ కలిపి లోపల ఒకే పలక ఉండాలి. వంటింట్లో కూరగాయలు తరుక్కునే మందపాటి ప్లాస్టిక్ పలక ఇందుకు చక్కగా సరిపోతుంది. తుప్పు పట్టదు, నీరు పీల్చదు, కొంచెం వంగి డెక్ వంపును అనుసరిస్తుంది. పీఠం కన్నా అన్ని వైపులా రెండు వేళ్ళ వెడల్పు ఎక్కువగా ఉండేలా కోసుకోండి, మూలలను గుండ్రంగా అరగదీయండి. లోపలికి చేయి పోయే మూత దగ్గరలో లేకపోతే, ముందుగా అలాంటి గుండ్రని మూతను అమర్చుకోవలసిందే. లోపలికి చేయి పెట్టలేని చోట పీఠం బిగించాలని చూడవద్దు.

రంధ్రాలను పదునైన బిట్‌తో, నెమ్మదిగా, అంచులు గరుకు లేకుండా వేయండి. ప్లాస్టిక్‌లో పగులు ఎప్పుడూ చిన్న నొక్కు దగ్గరే మొదలవుతుంది. నీరు దిగకుండా బోల్టు చుట్టూ బ్యూటైల్ టేపు చుట్టండి. సిలికాన్ పాలిథీన్‌కు అంటుకోదు, నాలుగు రోజులకే తోలులా ఊడివస్తుంది. ఇదే కారణం వల్ల పీఠాన్ని డెక్‌కు జిగురుతో అతికించే ఆలోచన కూడా ప్లాస్టిక్ పడవకు చెల్లదు. మీ పడవ ఫైబర్ గ్లాస్‌ది అయితే మాత్రం, లోపలి వైపు ప్లైవుడ్ ముక్కను ఎపాక్సీతో అతికించి, దాని మీద గాజు గుడ్డ రెండు వరుసలు పరిచి, ఆపై బోల్టులు వేయడం మంచి పద్ధతి. నట్లను ఒకదాని తర్వాత ఒకటి ఐమూలగా, కొంచెం కొంచెంగా బిగించండి. డెక్ లోపలికి నొక్కుకుపోతున్నట్లు కనిపించగానే ఆగాలి. ప్లాస్టిక్ సర్దుకుంటుంది కనుక మూడు రోజుల తర్వాత మరొకసారి తప్పక బిగించాలి.

తాడు కట్టు

బోల్టులు ఉన్నా, ప్రతి పీఠం మీదా తాడు కట్టు ఉండి తీరాలి. ఒకటి వదిలితే రెండవది ఒడ్డుకు చేరే వరకు పట్టి ఉంచాలి. నైలాన్ తాడు వద్దు, తడిస్తే సాగుతుంది. తోట పనికి వాడే కొబ్బరి తాడు ఈ పనికి చాలదు. 5 లేదా 6 మిల్లీమీటర్ల పాలియెస్టర్ తాడు కొనుక్కోండి, ఒక్కో కట్టుకు 4 మీటర్లు పడుతుంది.

పశువును గుంజకు కట్టేటప్పుడు వేసే మాదిరిగా, పైపు మీద తాడును రెండు చుట్లు తిప్పి, రెండవ చుట్టు కింద నుంచి కొనను దూర్చి మొదటి ముడి వేయండి. తర్వాత పైపు మీదుగా, పీఠం అడుగున ఇరుపక్కలా ముందే బిగించుకున్న కొక్కేల కిందుగా ఆరు చుట్లు, ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా పోనివ్వండి. ప్రతి చుట్టునూ ఒంటి బరువు వేసి లాగాలి. అసలు బిగువు వచ్చేది దీని తర్వాతే. తాడును ఇప్పుడు దిశ మార్చి, పైపుకూ పీఠానికీ మధ్య ఉన్న ఆ ఆరు చుట్ల నడుమును పట్టీలా మూడు సార్లు చుట్టి నొక్కండి. వేలితో మీటితే ఆ చుట్లు తంబురా తీగలా పలికే వరకు లాగండి. చివరి ముడి మళ్ళీ పైపు మీదే వేసి, జానెడు కొన మిగల్చండి. నీళ్ళలో కట్టు విప్పవలసి వచ్చినప్పుడు తడి చేతికి ఆ జానెడే ఆధారం.

దీనికి తోడు, పడవ కడుపు కిందుగా పోయి రెండు పీఠాలనూ కలిపి పట్టుకునే 25 మిల్లీమీటర్ల పాలియెస్టర్ పట్టీ ఒకటి వేస్తే, డెక్ మీద పడే లాగుడులో చాలా భాగాన్ని పడవ మొత్తం పంచుకుంటుంది. పట్టీకి చేత్తో లాగి బిగించే బకిల్ చాలు. లారీల మీద సామాను కట్టే రాట్చెట్ వాడితే, ఎంత బలం పడుతున్నదో చేతికి తెలియక పడవ పక్కలు నొక్కుకుపోతాయి.

బెండు వైపున రంధ్రాలు వేయవద్దు. వేసిన ప్రతి రంధ్రమూ నీరు దిగే దారే. బెండు మీద గాడి చెక్కిన చెక్క ముక్కను కూర్చోబెట్టి, మోటారు సైకిల్ ట్యూబును రెండు వేళ్ళ వెడల్పు పట్టీలుగా కోసి, సాగదీస్తూ చుట్టండి. రబ్బరు కట్టు అల కుదుపును కొంత మింగి, ఆ మేరకు డెక్ బోల్టులను కాపాడుతుంది. ఎండకు రబ్బరు పగుళ్ళు తీస్తుంది కనుక ఏటా మార్చాలి. మన ఎండలకు మూసి ఉన్న బెండులో గాలి వేడెక్కి ఉబ్బుతుంది. మూతకు చిన్న మర బిరడా పెట్టి, ఒడ్డున ఉన్నంతసేపు దానిని తీసి ఉంచండి, నీళ్ళలోకి దించే ముందు మూయడం మరవద్దు.

తిరగకుండా, వెనక్కి వాలకుండా

గుండ్రని పైపు ఎంత బిగించినా పీఠంలో తిరగాలని చూస్తుంది. అది తిరిగితే బెండు ముక్కు నీటిలోకి గుచ్చుకుంటుంది. అందుకు ఒక మేకు బోల్టు అడ్డం వేయాలి. ఆ బోల్టును పైనుంచి కిందికి వేయవద్దు. పైపు వంగేటప్పుడు లోహం మీద ఎక్కువ ఒత్తిడి పడేది సరిగ్గా పై భాగంలోనూ, కింది భాగంలోనూ. ముందు నుంచి వెనుకకు అడ్డంగా వేస్తే రంధ్రం ఒత్తిడి తక్కువగా ఉండే నడిమి గీత మీద పడుతుంది. ఇంకా మంచిది, దానిని అంచు క్లాంపుల దగ్గర కాక పడవ మధ్యలో, రెండు క్లాంపులకూ సమదూరంలో, డెక్‌కు బిగించిన చిన్న దిమ్మ ద్వారా వేయడం. అక్కడ పైపు మోసే వంపు బలం అంచులో ఉన్నదానిలో సగమే.

నీరు బెండును వెనక్కి ఈడుస్తుంది కనుక ప్రతి ముందు చేతి కొన నుంచి పడవ ముక్కుకు ఒక తాడు లాగి కట్టండి. ముందు చేతి కొన నుంచి వెనుక చేయి పడవను కలిసే చోటికి ఐమూలగా మరొకటి కడితే, చేతులు, బెండు కలిసిన ఆ చట్రం పక్కకు వాలదు.

ఉప్పునీరు

పులికాట్ నీరు ఉప్పుది. అల్యూమినియం, స్టెయిన్‌లెస్ స్టీలు ఉప్పునీటిలో ఒకదానికొకటి తగిలి ఉంటే అల్యూమినియం తినుకుపోయి, బోల్టు చుట్టూ తెల్లని పొడి తేలుతుంది. రెండింటి మధ్య నైలాన్ వాషర్, బోల్టు కాడకు ప్లాస్టిక్ గొట్టం తొడగండి. నట్టు మరలకు గ్రీజు రాయండి, లేకపోతే స్టెయిన్‌లెస్ నట్టు స్టెయిన్‌లెస్ బోల్టు మీదే పట్టేసి మళ్ళీ ఊడిరాదు. బోల్టులు 316 రకం అయితే మేలు. ఇంటికి రాగానే అన్నిటినీ మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టాలి.

ముందు ఇంట్లో, తర్వాత నీళ్ళలో

పడవలో మీ బరువుకు సమానమైన ఇసుక సంచులు వేసి, నేల మీదే పరీక్షించండి. పక్కచేతి కొనకు 20 లీటర్ల నీళ్ళ క్యాను వేలాడదీసి పది నిమిషాలు ఉంచితే, అవతలి క్లాంపు డెక్‌ను పైకి లాగుతున్నదేమో కనిపిస్తుంది. తర్వాత క్యాను తీసివేసి, అదే కొనకు దుకాణాలలో వాడే స్ప్రింగు కాటా తగిలించి, 30 కిలోలు చూపే వరకు పైకి ఎత్తండి. ఈసారి దగ్గరి క్లాంపును గమనించండి. నాలుగు కొనలకూ, రెండు దిశలలోనూ ఇలా చేయాలి. డెక్ గోరు మందం లేచినా లోపలి పలక చాలలేదని అర్థం.

పులికాట్‌కు తీసుకువెళ్ళే ముందు అది పక్షుల అభయారణ్యమని గుర్తుంచుకుని అటవీశాఖ అనుమతి తీసుకోండి. శ్రీహరికోట వైపు పోవద్దు, రాజహంసలు మేసే చోట్లకు దూరంగా ఉండండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల గాలులు నమ్మదగినవి కావు, ఎండాకాలంలో సరస్సు ఉత్తర భాగం చాలా మేర ఇంకిపోతుంది. ఉదయపు నెమ్మది గాలిలో, నడుము లోతు నీళ్ళలో, లైఫ్ జాకెట్ వేసుకుని మొదలుపెట్టండి. తెరచాప తాడును పడవకు కట్టేయకుండా చేతిలోనే ఉంచుకోండి. బెండు పూర్తిగా మునిగిందంటే చేతులు మోయగల బరువు హద్దుకు వచ్చినట్లే, వెంటనే ఆ తాడు వదలాలి.

బయలుదేరే ముందు ప్రతి నట్టు నుంచి వాషర్ మీదుగా పీఠం మీదకు, అలాగే పైపు నుంచి పీఠం మీదకు ఎర్ర రంగుతో ఒక సన్నని గీత గీయండి. అరగంట తిరిగి ఒడ్డుకు వచ్చి ఆ గీతలను చూడండి. ఎక్కడ గీత తెగి పక్కకు జరిగిందో అక్కడ ఏదో వదులైంది. దానిని బిగించి, పాత గీత తుడిచి కొత్తది గీసిన తర్వాతే మళ్ళీ తెరచాప ఎత్తండి.